మిగులు ఆటగాళ్ళు, ముదిరిన సొరకాయలు

ఆగస్టు నెల వచ్చిందంటే డాలస్‌లో మన తెలుగువాళ్ళ పెరళ్ళలో ఒక చిత్రమైన ఇబ్బంది మొదలవుతుంది. వసంతంలో సరదాపడి పెట్టిన సొరపాదు కంచె అంతా పాకి, రోజుకో కాయ దింపుతుంది. మొదటి కాయ పప్పులోకి, రెండోది పులుసులోకి, మూడోది పెరుగుపచ్చడికి. నాలుగో కాయ ఏం చెయ్యాలో తెలీదు. పక్కింట్లో ఇద్దామంటే వాళ్ళ కంచె మీదా అదే పాదు. గుడికి వెళ్ళేటప్పుడు నాలుగు కాయలు సంచీలో వేసుకు వెళితే, అక్కడ ఇంకో ఆరుగురు అలాంటి సంచీలతోనే ఎదురవుతారు. చివరికి అపార్టుమెంటులో ఉండే పెళ్ళికాని కుర్రాళ్ళెవరైనా ఉన్నారేమో అని వెతుక్కోవాలి. వాళ్ళకి పెరడు ఉండదు కనక కాయ విలువ తెలుస్తుంది.

సరిగ్గా ఆ నెలలోనే నాకు ఇంకో రకం మిగులు సమస్య కూడా వస్తుంది. నేను చాలా ఏళ్ళుగా ఒక ఫాంటసీ ఫుట్‌బాల్ లీగులో ఆడుతున్నాను. మా లీగులో ఆగస్టు చివరికి ప్రతివాళ్ళూ ముగ్గురు ఆటగాళ్ళని మాత్రం ఉంచుకుని, మిగతా అందరినీ వదిలెయ్యాలి. వదలడానికి మనసొప్పని నాలుగోవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. అతన్ని ఎవరికి ఇవ్వాలి? ఎంతకి ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి? ఈ మూడింటికీ లెక్క ప్రకారం జవాబులున్నాయి. పొట్టకూటికి సాఫ్ట్‌వేరు రాసేవాణ్ణి కనక ఆ లెక్కలన్నీ కట్టాను, స్ప్రెడ్‌షీటుని నమ్ముకున్నాను, ఒకసారి బాగానే లాభపడ్డాను. ఆ లాభం తరవాత మా బావమరిది దాదాపు రెండేళ్ళపాటు నాతో ఇంకో బేరం చెయ్యలేదు. ఈ వ్యాసంలో ముందు లెక్క చెబుతాను, తరవాత ఆ కథ చెబుతాను. రెండోది లేకుండా మొదటిది చెబితే సగమే చెప్పినట్టు.

ఆట గురించి నాలుగు మాటలు

తెలిసినవాళ్ళు ఈ భాగం దాటేసి ముందుకు వెళ్ళవచ్చు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికా ఫుట్‌బాల్, మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఆట కాదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లున్నాయి. సెప్టెంబరు నుంచి జనవరి మొదటి రోజులదాకా ఒక్కో జట్టు 17 ఆటలు ఆడుతుంది. 2020 దాకా అవి 16.

ఫాంటసీ ఆటలో పదిమంది మిత్రులు కూడి, ఆ 32 జట్లలో ఉన్న ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకుని, ఎవరి కాగితం జట్టు వాళ్ళు తయారుచేసుకుంటారు. ఈ ఎంపికకి డ్రాఫ్టు అని పేరు. మన వంతు వచ్చినప్పుడు ఎంచుకునే హక్కు పిక్కు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. ఆదివారం నిజం మైదానంలో మన ఆటగాడు బంతితో పది గజాలు పరిగెత్తితే మనకొక పాయింటు, గీత దాటిస్తే ఆరు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి పాతిక గజాలకి ఒక పాయింటు. వారం వారం ఇద్దరిద్దరికి పోటీ. ఎవరి జట్టుకి ఎక్కువ పాయింట్లొస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఈ వ్యసనానికి 1962లో బీజం పడింది. ఓక్లండ్ రైడర్స్ జట్టులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్ జట్టుతోబాటు న్యూయార్కు వెళ్ళి, అక్కడి హోటల్లో ఇద్దరు మిత్రులతో కూర్చుని దీని నియమాలు రాశాడు. మరుసటి ఏడాది ఎనిమిది జట్లతో మొదటి లీగు నడిచింది. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు బేస్‌బాల్‌కి ఇలాంటిదే ఇంకో ఆట కట్టారు. వాళ్ళు కలుసుకునే రెస్టారెంటు పేరు మీద దానికి రొటిస్సరీ అని పేరొచ్చింది. అప్పట్లో పాయింట్లు పేపరు చూసి చేత్తో కూడేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తుంది కనక మనకి మిగిలింది చింతించడం ఒక్కటే.

మామూలు లీగులో ఏడాది కాగానే పలక తుడిచేస్తారు. కీపర్ లీగులో అలా కాదు. కొందరు ఆటగాళ్ళని వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవచ్చు. వాళ్ళే కీపర్లు. మా లీగులో జట్టుకి ముగ్గురు. పది జట్లకి ముప్ఫైమంది పోగా మిగిలినవాళ్ళందరూ బుట్టలోకి వెళతారు. ఆ బుట్టలోంచి కొత్త డ్రాఫ్టు జరుగుతుంది. కిందటేడు చివర వచ్చినవాడికి మొదటి వంతు, గెలిచినవాడికి చివరి వంతు. డ్రాఫ్టులో మన వంతుని కూడా ఇంకొకరితో మార్చుకోవచ్చు. కనక మా లీగులో డబ్బు బదులు చలామణీ అయ్యేవి ఈ పిక్కులే. మీ రెండో రౌండు పిక్కు నాకిస్తే, నా అయిదో రౌండుదీ ఒక ఆటగాడూ మీకిస్తాను, ఇలా ఉంటాయి బేరాలు.

నాలుగోవాడి విలువ ఎంత?

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఆటగాడు వారానికి ఎన్ని పాయింట్లు తెస్తాడన్నది అతని విలువ కాదు. అదే స్థానంలో ఊరికే దొరికే ఆటగాడికన్నా ఎన్ని ఎక్కువ తెస్తాడన్నది విలువ. 2018లో కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ 50 టచ్‌డౌన్ పాసులు విసిరి అందరినీ నోరెళ్ళబెట్టించాడు. అయినా పది జట్ల లీగులో జట్టుకి ఒక్క క్వార్టర్‌బ్యాకే ఆడతాడు కనక మనకి కావలసింది పదిమంది. లోకంలో ఉన్నవాళ్ళు 32 మంది. పదకొండోవాడు ఊరికే దొరుకుతాడు, మరీ తీసిపారెయ్యాల్సినవాడూ కాదు. అదే పరిగెత్తే రన్నింగ్‌బ్యాకులైతే జట్టుకి ఇద్దరు కావాలి. వారం వారం నమ్మదగినవాళ్ళు అంతమంది ఉండరు. అందుకని పాయింట్లు తక్కువైనా మంచి రన్నింగ్‌బ్యాక్‌కి గిరాకీ ఎక్కువ. మా లీగులో విసిరిన టచ్‌డౌన్‌కి కూడా మామూలుగా ఇచ్చే నాలుగు కాకుండా ఆరు పాయింట్లిస్తాం కనక క్వార్టర్‌బ్యాకులకి కాస్త మర్యాద దక్కుతుంది.

ఇప్పుడు నా దగ్గర నలుగురున్నారనుకోండి. ఊరికే దొరికేవాళ్ళకన్నా వాళ్ళు వారానికి తెచ్చే అదనపు పాయింట్లు 9, 8, 6, 4. ముగ్గుర్ని ఉంచుకుంటే 23. నాలుగోవాడి విలువ 4 అని కాగితం మీద ఉంది గాని, నాకు మాత్రం అతను సున్నా. గడువు దాటితే బుట్టలోకి పోతాడు. నాలుగో సొరకాయ అన్నమాట.

మా బావమరిది దగ్గర ఉన్న ముగ్గురి విలువలు 8, 2, 1. నా నాలుగోవాడు అతని దగ్గరికి వెళితే ఆ 1 స్థానంలో 4 వస్తుంది. అంటే అతనికి మూడు పాయింట్ల లాభం. కనక ఈ బేరానికి కింది హద్దు సున్నా, పై హద్దు మూడు. ఒకటిన్నర పాయింట్ల విలువున్న పిక్కు ఒకటి నాకిస్తే ఇద్దరం చెరిసగం లాభపడ్డట్టు. ఇంకో మిత్రుడి మూడో కీపరు విలువ 5 అనుకుందాం. అతనికి నా ఆటగాణ్ణి ఊరికే ఇచ్చినా అక్కర్లేదు. అతని పెరట్లోనూ పాదుంది మరి.

బేరం ఇంకో రకంగానూ కుదురుతుంది. నా మూడోవాణ్ణీ నాలుగోవాణ్ణీ కలిపి ఇచ్చి, బావమరిది దగ్గరున్న మొదటివాణ్ణి తీసుకున్నాననుకోండి. నా ముగ్గురూ 9, 8, 8 అయి మొత్తం 25 అవుతుంది. రెండు పాయింట్లు లాభం. అతని ముగ్గురూ 6, 4, 2 అయి మొత్తం 12 అవుతుంది. ముందు 11 ఉండేది కనక ఒకటి లాభం. ఇద్దరు మామూలువాళ్ళని ఇచ్చి ఒక మేటివాణ్ణి పట్టుకుపోయాడే అని చూసేవాళ్ళకి అనిపిస్తుంది గాని, ఇచ్చినవాడు కూడా బాగుపడ్డాడు. మిగులు ఉన్నవాళ్ళు ఇలా ఇద్దర్ని ఒకడిగా కుదించుకోవడం, ఖాళీ ఉన్నవాళ్ళు ఒకణ్ణి ఇద్దరుగా విడదీసుకోవడం కీపర్ లీగు బేరాల్లో ప్రాణం లాంటి సూత్రం.

రెండు పద్ధతుల్లోనూ మొత్తం లాభం మూడే అని గమనించారా? ఆ మూడు ఎక్కడినుంచి వచ్చింది? బేరం జరక్కపోతే బుట్టలోకి 4 విలువున్న ఆటగాడు వెళ్ళేవాడు. బేరం జరిగాక 1 విలువున్నవాడు వెళ్ళాడు. అంటే ఆ మూడూ బుట్టలోంచి వచ్చింది. బుట్ట మిగతా ఎనిమిదిమందిది కూడా. ముఖ్యంగా డ్రాఫ్టులో మొదటి వంతు ఎవరిదో వాళ్ళ నోటి దగ్గర కూడు. అందుకే ఇద్దరికీ న్యాయంగా ఉన్న బేరం మీద కూడా మూడోవాడు లేచి "ఇది అన్యాయం, రద్దు చెయ్యాలి" అని కేకలు వేస్తాడు. చాలాకాలం వాళ్ళు లెక్క తెలియక అరుస్తున్నారనుకున్నాను. వాళ్ళకి లెక్క తెలుసు. కాకపోతే బేరం రద్దు చెయ్యడానికి అది చాలదు. ఇద్దరూ కుమ్మక్కై ఒకరి జట్టుని ఇంకొకరికి దోచిపెడితేనే కమిషనరు అడ్డుపడాలన్నది మా లీగు కట్టుబాటు.

ఎవరి తలుపు తట్టాలి?

కొత్తగా ఆడేవాళ్ళు మిగులు ఆటగాణ్ణి అమ్మడానికి మొట్టమొదట లీగులో అట్టడుగున ఉన్నవాడి దగ్గరికి వెళతారు. పాపం జట్టు బలహీనంగా ఉంది, తప్పక కొంటాడని ఆశ. కానీ ఆలోచించండి. డ్రాఫ్టులో మొదటి వంతు అతనిదే. మీరు అమ్మలేక వదిలేస్తే ఆ ఆటగాణ్ణి మొదటి పిక్కుతో అతనే తీసుకుంటాడు. కొంటే అతనికి లాభం లేకపోలేదు, ఆ మొదటి పిక్కుతో ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. కానీ తొందరపడాల్సిన అవసరం లేదు. మీరు గడువు దాకా అడిగి అడిగి అలిసిపోతే చాలు.

వెళ్ళాల్సింది వరసలో వెనక ఉన్నవాడి దగ్గరికి. కిందటేడు పైస్థానాల్లో వచ్చినవాడికి బుట్టలోంచి మంచివాడు దక్కే ఆశ లేదు. అతని వంతు వచ్చేసరికి మెతుకులే మిగులుతాయి. అయితే అతని మూడో కీపరు కూడా గట్టివాడైతే మీ సరుకు అక్కర్లేదు. కనక వరసలో వెనక ఉండి, వయసు మీరిన ఆటగాళ్ళతో కిందటేడు నెట్టుకొచ్చినవాడు మీకు అసలైన గిరాకీ. పది జట్లలో అలాంటివాళ్ళు ఇద్దరు ఉంటే ఎక్కువ. ఆ ఇద్దరి చుట్టూ మీలాంటి అమ్మకందార్లు ఎంతమంది తిరుగుతున్నారో కూడా చూసుకోవాలి.

ఎప్పుడు?

ఆగస్టు అన్నిటికన్నా చెడ్డ కాలం. మన చేతిలో ఎవరున్నారో, ఎవర్ని వదిలెయ్యక తప్పదో అప్పటికి అందరికీ కనిపిస్తూ ఉంటుంది. చీకటి పడ్డాక సంతలో కూరగాయలు అమ్ముకునేవాడి పరిస్థితి.

మంచి కాలం అక్టోబరు, నవంబరు. అప్పటికి లీగులో సగంమందికి ఈ ఏడాది మనది కాదని తెలిసిపోతుంది. వాళ్ళ దగ్గర ఈ ఏడాది బాగా ఆడుతున్న ముప్ఫై ఏళ్ళ ఆటగాడుంటాడు. గెలవని జట్టుకి అతనితో పని లేదు. వాళ్ళకి కావలసింది వచ్చే ఏడాదికి ఉంచుకోదగ్గ కుర్రాడు. మీరేమో గెలిచే వరసలో ఉన్నారు, ఉంచుకోవడానికి మించి కుర్రాళ్ళున్నారు. వాళ్ళ ఇవాళ్టిని మీ రేపటితో మార్చుకోవడం అన్నమాట. మా లీగులో నవంబరు మధ్యలో బేరాల తలుపు మూసేస్తాం, సీజను అయ్యాక మళ్ళీ తెరుస్తాం.

2023లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు అయిదో రౌండులో, 177వ పిక్కుతో పూకా నకూవా అనే కుర్రాణ్ణి తీసుకుంది. మా లీగులో అతన్ని డ్రాఫ్టులో ఎవరూ పట్టించుకోలేదు. మొదటి రెండు ఆటల్లో 25 బంతులు పట్టాడు. ఆ సీజనులో మొత్తం 105 బంతులు, 1,486 గజాలు. రెండూ అప్పటికి కొత్తగా వచ్చిన ఆటగాళ్ళలో రికార్డులే. సెప్టెంబరులో ఊరికే ఎత్తుకున్నవాడి ఇంట్లో లక్ష్మీదేవి కాలుపెట్టినట్టయింది. అప్పటికే ముగ్గురు మేటి కీపర్లున్నవాడికి అలాంటి అదృష్టం పడితే, అక్టోబరులో పదిమంది తలుపు తడతారు. ఆగస్టు దాకా ఆగితే ఆ పదిమందీ అతను వదిలేసే నాలుగోవాడు ఎవరా అని గుమ్మంలో కాచుక్కూర్చుంటారు.

ఆగడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఆటగాడు మనిషి. దెబ్బలు తగులుతాయి. కరోలైనా రన్నింగ్‌బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ 2019లో పరుగులూ పట్టిన బంతులూ కలిపి 2,392 గజాలు సాధించాడు. ఆ ఏడాది అంతటి ఆటగాడు లేడు. 2020లో దెబ్బలవల్ల మూడంటే మూడు ఆటలు ఆడాడు. కనక కొనేవాడు ఇచ్చే ధరలో, ఆ దెబ్బ ఎవరి ఇంట్లో ఉండగా తగులుతుందన్న పందెం కూడా కలిసే ఉంటుంది. త్వరగా అమ్మడమంటే సగం ఆ భయాన్ని అమ్ముకోవడమే.

స్ప్రెడ్‌షీటులో లేని గడి

పైన చెప్పిన 9, 8, 6, 4 అంకెలు ఉదాహరణకోసం కల్పించినవి కావు. 2019 ఆగస్టులో నా స్ప్రెడ్‌షీటులో ఉన్నవే. బావమరిది 8, 2, 1 కూడా అందులోవే. ఆ నాలుగో ఆటగాడు ఇండియానపోలిస్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్.

లక్ 2012లో నిజం డ్రాఫ్టులో మొట్టమొదటి పిక్కు. భుజం దెబ్బతో 2017 సీజనంతా ఆడలేదు. 2018లో తిరిగొచ్చి 39 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. వయసు ముప్ఫై లోపే. 2019 వేసవిలో అతని ఎడమ కాలి పిక్క పట్టేసిందనీ, ఆ బాధ చీలమండ దాకా ఉందనీ, సాధనకి దిగడం లేదనీ పేపర్లలో వస్తూనే ఉంది. ఇందులో రహస్యం ఏమీ లేదు.

నేను గడువు దాకా ఆగదలచుకోలేదు. బావమరిది కిందటేడు రెండో స్థానంలో వచ్చాడు, వరసలో తొమ్మిదోవాడు, అతని మూడో కీపరు నీరసం, మంచి క్వార్టర్‌బ్యాక్ లేడు. నా సూత్రాలన్నీ అతని మీద అతికినట్టు సరిపోయాయి. ఆగస్టు 22 గురువారం ఫోను చేశాను. లక్‌నీ, నా అయిదో రౌండు పిక్కునీ ఇస్తాను, నీ రెండో రౌండు పిక్కు ఇవ్వమన్నాను. అతను కాసేపు ఆలోచించి "సరే బావగారూ, కానివ్వండి" అన్నాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. పిక్క గురించి నేను ఎత్తలేదు. అతనూ అడగలేదు.

శనివారం రాత్రి వాళ్ళింట్లోనే భోజనాలు. మా ఆవిడ తమ్ముడికోసం రెండు సొరకాయలు పట్టుకొచ్చింది. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. అదే సమయంలో ఇండియానపోలిస్‌లో కోల్ట్స్ జట్టు చికాగోతో సన్నాహక ఆట ఆడుతోంది. ఆట సాగుతుండగానే వార్త పొక్కింది. ఆండ్రూ లక్ ఆటకి స్వస్తి చెప్పేస్తున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, సీజను ఇంకో రెండు వారాల్లో మొదలవబోతుండగా. మైదానం విడిచి వెళుతున్న అతన్ని సొంత ఊరి జనమే హేళనగా అరిచి సాగనంపారు. దెబ్బ, బాధ, మళ్ళీ కోలుకోవడం, మళ్ళీ దెబ్బ, ఈ గానుగలోంచి బయటపడడానికి ఇదొక్కటే దారి అని ఆ రాత్రి విలేకరులకి కన్నీళ్ళతో చెప్పాడు. అది తరవాత చూశాం.

మా బల్ల దగ్గర ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. బావమరిది చదివి, ఫోను బోర్లా పెట్టి, నవ్వాడు. "బావగారూ, అమ్మేటప్పుడు మీకు తెలుసా?" అన్నాడు.

"నాకెలా తెలుస్తుందయ్యా? కోల్ట్స్ యజమాని నాకేమైనా చుట్టమా?" అన్నాను.

"అది కాదు. పిక్క నొప్పి సంగతి."

"అది పేపర్లో రోజూ వస్తోందిగా. నువ్వు చదవలేదూ?"

"చదివాను. మీరు ఇస్తున్నారంటే ఫరవాలేదేమో అనుకున్నాను."

ఆ మాట అతను కోపంగా అనలేదు. సొరకాయ పప్పు ఇంకాస్త వేసుకుంటారా అన్నంత మామూలుగా అన్నాడు. నేను తినడం ఆపలేదు గాని ఏం తిన్నానో గుర్తులేదు.

మరునాడు కమిషనరు తీర్పు చెప్పాడు. రూలు ప్రకారం బేరం చెల్లుతుంది. ఆటగాడి ఆరోగ్యం కొనేవాడు చూసుకోవాలి. నేనూ అదే న్యాయమనుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో మా ఆవిడ మాత్రం ఒకటే అడిగింది, "అంత నొప్పి ఉందని తెలిసే కదా మీరు తొందరపడ్డారు?" అని. అవును, తెలిసే. లక్ మానేస్తాడని తెలీదు. కానీ భయపడ్డాను. ఆ భయాన్నే అతనికి అమ్మాను. అమ్మేటప్పుడు దాని పేరు చెప్పలేదు.

పిక్క అతనికి, పిక్కు నాకు అని లీగులో కొన్నాళ్ళు జోకులు పేలాయి. ఆ పిక్కు బాగానే పనికొచ్చింది. ఆ ఏడాది నేను మూడో స్థానంలో వచ్చాను, బావమరిది ఎనిమిదిలో.

మరుసటి ఏడాది లెక్క

2020 ఆగస్టులో నా దగ్గర మళ్ళీ మిగులు. ఈసారి ఉంచుకోదగ్గవాళ్ళు ఐదుగురు. కరోనా రోజులు కనక బేరాలన్నీ ఫోను మీదే. బావమరిదికి సందేశం పెట్టాను. "చూస్తాను బావగారూ" అని జవాబొచ్చింది. మళ్ళీ పెట్టాను. "ఈ ఏడాది వద్దులెండి." మిగతావాళ్ళని అడిగాను. ప్రతివాడూ ముందు "వీడికేమైనా దెబ్బ తగిలిందా?" అనేవాడు. తగల్లేదని చెబితే ఇంకా అనుమానపడేవాడు. నేను అమ్ముతున్నానంటే అందులో ఏదో మతలబు ఉంటుందని తీర్మానించుకున్నారు. అడిగినదాంట్లో సగానికి తగ్గాను. నాలుగో వంతుకి తగ్గాను. చివరికి గడువు దాటింది. ఇద్దరూ బుట్టలోకి పోయారు. జూమ్‌లో డ్రాఫ్టు మొదలుపెట్టగానే మొదటి పిక్కుతో ఒకతను, రెండో పిక్కుతో ఇంకొకతను వాళ్ళని ఎగరేసుకుపోయారు. నేను తెర మీద చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి స్ప్రెడ్‌షీటు తీసి లెక్క కట్టాను. లక్ బేరంలో నాకు వచ్చింది వారానికి ఒకటిన్నర పాయింటు. 2020లో నాలుగోవాడూ అయిదోవాడూ ఊరికే పోవడం వల్ల పోగొట్టుకున్నది అంతకు రెట్టింపు. మామూలు లీగులో బేరం ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. కీపర్ లీగులో అదే పదిమంది ఏటేటా మళ్ళీ ఎదురవుతారు. నాకు మిగులు ఏటా ఉంటుంది. దాన్ని కొనేవాళ్ళు పదిమందిలో ఇద్దరే. అందులో ఒకణ్ణి పోగొట్టుకుని, రెండోవాణ్ణి బెదరగొట్టాను. నేను ఎన్ని గళ్ళు గీసినా ఈ గడి నా స్ప్రెడ్‌షీటులో లేదు.

లాభనష్టాల లెక్కలో కనక ఇదంతా ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నాను. నిజానికి నన్ను బాధపెట్టింది ఆ నష్టం కాదు. మా ఆవిడకి తమ్ముడు ఒక్కడే. మేం ఈ దేశం వచ్చాక ఏడెనిమిదేళ్ళకి వచ్చాడు. మొదటి కారు కొనేటప్పుడు నన్నే తీసుకెళ్ళాడు. ఇంటి అప్పు కాగితాలు నేను చూశాకే సంతకం పెట్టాడు. "మీరు ఇస్తున్నారంటే ఫరవాలేదేమో" అన్నమాట ఆట గురించి అన్నది కాదు. అదంతా ఒక రెండో రౌండు పిక్కు కింద జమకట్టేశాను.

2021 వేసవిలో లీగు సమావేశంలో ఒక కొత్త రూలు ప్రతిపాదించాను. బేరం కుదిరిన రోజుకీ కీపర్ల గడువుకీ మధ్య ఆటగాడు రిటైరైనా, ఆ సీజనంతా ఆడలేని దెబ్బ తగిలినా, ఆ బేరం దానంతటదే రద్దవుతుంది. ఎవరి పిక్కులు వాళ్ళకి వెళ్ళిపోతాయి. దీనివల్ల త్వరగా అమ్మేవాడికి ధర కాస్త తగ్గిన మాట నిజమే, భయాన్ని అమ్ముకునే వీలు లేదు కదా. కానీ కొనేవాడికి బెరుకు పోయి, జూన్, జూలై నెలల్లో కూడా బేరాలు జరగడం మొదలైంది. ప్రతిపాదనని బలపరచడానికి ఎవరైనా ఒకరు చెయ్యెత్తాలి. ముందుగా ఎత్తింది మా బావమరిది. ఆ సాయంత్రం తనే ఫోను చేసి, "బావగారూ, మీ నాలుగోవాడి సంగతేంటి?" అని అడిగాడు.

ఇప్పుడు నా బేరం పద్ధతి కొంచెం మారింది. లెక్కలన్నీ పాతవే. వరసలో వెనక ఉన్నవాడి దగ్గరికే వెళతాను, వీలైతే అక్టోబరులోనే వెళతాను, ఇద్దర్నిచ్చి ఒకణ్ణి తెచ్చుకోవడానికే చూస్తాను. కానీ ఏ ఆటగాణ్ణి ఇస్తానన్నా సందేశంలో మొదటి వాక్యం అతనికున్న నొప్పులు, దెబ్బలు, జీతం తగాదాలు, నా భయాలు. రెండో వాక్యం నాకు కావలసింది. కుర్రాళ్ళు కొందరు ఇది చూసి "సార్ ముసలివాళ్ళయిపోతున్నారు" అని నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

మొన్న ఆగస్టులో పాదు మీద ఒక పెద్ద కాయ ఆకుల చాటున పడి కనిపించక, కాస్త ఆలస్యంగా దొరికింది. మా ఆవిడ దాని తొక్కలోకి గోరు దించి చూసి, తమ్ముడి సంచీలో వేస్తూ అంది, "ఇది కొంచెం ముదిరిందిరా, కూరకి పనికిరాదు, గింజలు తీసేసి పులుసులో వేసుకోండి." ఇంట్లో కాసిన కాయ ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. నాకు మాత్రం ఒక క్వార్టర్‌బ్యాక్ రిటైరవ్వాల్సి వచ్చింది.